దెస్పినా జ్ఞానతండ్రి

గెరాకారిస్ ఇంట్లో తాత, తండ్రి, ఇప్పుడు స్తామాతిస్, ముగ్గురూ ఎంపీలే. ఓటర్ల పిల్లల్లో మగపిల్లలనే జ్ఞానస్నానంలో ఎత్తుకుని జ్ఞానతండ్రిగా నిలబడాలన్నది ఆ ఇంటి నియమం. ఒకే జ్ఞానతండ్రి ఎత్తుకున్న పిల్లలు అన్నాచెల్లెళ్ల కింద లెక్క, వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఓడిపోయేలా ఉన్న ఒక ఏడాది మాత్రం స్తామాతిస్ నియమం తప్పి ఆడపిల్ల దెస్పినాను ఎత్తుకున్నాడు.

ఇప్పుడు ఆ పిల్లే వచ్చి ఎదురుగా నిలబడింది.

"నేను చేసుకోబోయే లూకాస్‌నీ మీరే ఎత్తుకున్నారట, వాడు నాకు అన్నట. ఫాదర్ పెళ్లి చెయ్యనంటున్నాడు. ఊళ్లో కుర్రాళ్లందర్నీ కొడుకుల్ని చేసుకున్నారు, నాకు ఒక్క మొగుణ్ణయినా మిగల్చొద్దా నాన్నా?"

లూకాస్ జ్ఞానస్నానం నాడు స్తామాతిస్ ఏథెన్స్‌లో ఉండిపోయాడు. తొట్టిలోంచి బిడ్డను అందుకున్నది తమ్ముడు పానోస్. రిజిస్టర్లో మాత్రం అన్న పేరే రాయించారు. ఊరంతటికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. అది ఒప్పుకుంటే లూకాస్ చుట్టాల నలభై ఓట్లు పోతాయి. ఎన్నికలకు నెలే ఉంది.

మర్నాడు స్తామాతిస్ బిషప్‌కు ఉన్నదున్నట్టు ఉత్తరం రాసిచ్చి, కాఫీ దుకాణంలో లూకాస్ తండ్రికి తనే ఆ మాట చెప్పాడు.

"అయితే ఇరవయ్యారేళ్లుగా పానోస్‌కి వెయ్యాల్సిన ఓట్లు నీకేశానా?"

"అవును."

లూకాస్ తండ్రి కాఫీ తాగేసి కప్పు పక్కన పెట్టాడు.

"పెళ్లికి రా. ఓటు సంగతి పానోస్‌నడిగి చెబుతా."