మగ్గం ఫోటో పెట్టని మనిషి

మా వాట్సాప్ గ్రూపుకు నేనే కాపలా. గద్వాలలో మా నేతగాళ్ల ఇళ్లవి, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో స్థిరపడిన మా చుట్టాలవి కలిపి రెండు వందల పైచిలుకు నంబర్లు అందులో ఉన్నాయి. ఎవరికి ఏ రంగు జరీ మిగిలింది, ఎవరింట్లో మగ్గానికి పడుగు పోగులు అతకడానికి మనిషి కావాలి, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది, అన్నీ అందులోనే తెలుస్తాయి. ఒకసారి కొత్తగా చేరినవాడెవడో పెళ్లి పత్రిక అని ఒక ఫైలు పంపాడు. మా పెద్దమ్మ ఎవరి పెళ్లో చూద్దామని నొక్కింది. వారం రోజులు ఆమె ఫోను ఆమె మాట వినలేదు. అదే పత్రిక ఆమె పేరుతో అందరికీ పోయింది, ఇంకో పదిమంది నొక్కారు. ఆ గొడవ సద్దుమణిగాక అందరూ కలిసి గ్రూపు పెత్తనం నాకు అప్పగించారు. నాకు కోపం ఎక్కువ, మొహమాటం తక్కువ. ఈ పనికి అవే కావాలన్నారు.

పనిలో దిగాక నా కన్ను పదునెక్కింది. కొత్త నంబరు రాగానే ముందు దాని బొమ్మ చూసేదాన్ని. సినిమా హీరోయిన్ ఉంటే సగం అనుమానం, అసలు బొమ్మే లేకపోతే ముప్పాతిక. పేరు ఏంజిల్ అనో ప్రిన్స్ అనో ఉంటే ఇక ఆలోచించే పనే లేదు. ఎవరినీ పలకరించకుండా వస్తూనే లింకు పడేసేవాళ్లు, ఒక్క మాటనే మూడుసార్లు పంపేవాళ్లు, ఆడవాళ్లకు విడిగా హాయ్ పెట్టేవాళ్లు, ఎంతమందిని చూశానో. ఇంట్లో కూర్చుని సంపాదించండి అని చెప్పడానికి వచ్చేవాళ్లను చూస్తే మాత్రం నవ్వూ మంటా రెండూ కలిగేవి. తరతరాలుగా మేం చేస్తున్నది ఇంట్లో కూర్చునే పనే కదా, అందులో ఎంత వస్తుందో మమ్మల్ని అడగండి అనాలనిపించేది.

చివరికి ఒక నియమం పెట్టాను. కొత్తగా చేరినవాళ్లు ముందు తమ మగ్గం ఫోటో పెట్టాలి, తర్వాతే మాట. ఒకడు ఎక్కడో దొరికిన మరమగ్గం ఫోటో తెచ్చి పెట్టాడు. మా చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోటు చూస్తే అది మా మగ్గమో కాదో మా ఇళ్లలో చిన్నపిల్ల కూడా చెబుతుంది. వాణ్ని తీసేసి గ్రూపంతా నవ్వుకున్నాం. ఫోటో చూసి మనిషిని తీసేయడానికి నాకు పదిహేను సెకన్లు పట్టేది. ఆ వేగం గురించి నేను గొప్పలు కూడా చెప్పుకున్నాను.

మా అన్న తప్పిపోయింది ఆ రోజుల్లోనే.

అన్నకు నలభై రెండేళ్లు. మూడేళ్ల కింద బండి మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది, మాట పోయింది. పేరేమిటో, ఇల్లెక్కడో చెప్పలేడు. ఫిట్స్ రాకుండా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి మాత్ర వేసుకోవాలి, వరుసగా తప్పితే ప్రమాదమని డాక్టరు వదినకు గట్టిగా చెప్పి పంపాడు. చేతులు మాత్రం ఏదీ మరిచిపోలేదు. నేను నేస్తుంటే పక్కన కూర్చుని తెగిన పోగులు ముడివేసేవాడు. పట్టుపోగు జారుతుంది, మామూలు ముడికి ఆగదు. మా నాన్న మాకు నేర్పిన ముడి ఒకటుంది. పోగును బొటనవేలి గోటి కింద అదిమి రెండు చుట్లు తిప్పి లాగాలి, కొసలు కనబడకూడదు. దారమనేది కంటబడితే చాలు, అన్న ఆ ముడే వేసేవాడు. పూలదండకు, బియ్యం సంచి పురికొసకు, ఒకసారి నేను కునుకు తీస్తుంటే నా చున్నీ అంచుకు కూడా వేశాడు. లేచి చూసుకుని విసుక్కున్నాను.

ఒక సోమవారం శ్రీరంగాపూర్ గుడికి వెళ్లి తిరిగి వస్తున్నాం. వనపర్తి బస్టాండులో ఎండ మాడ్చేస్తోంది. అన్నను నా పక్కన కూర్చోబెట్టి వదిన నీళ్ల సీసా కోసం వెళ్లింది. నేను ఫోను చూస్తున్నాను. గ్రూపులో ఎవడో కొత్తవాడు చేరాడు, వాడి బొమ్మ పెద్దది చేసి చూస్తున్నాను. తలెత్తేసరికి అన్న లేడు.

బస్టాండంతా తిరిగాం. కదిలే ప్రతి బస్సునూ ఆపి కిటికీల్లోకి చూశాం. కండక్టర్లను అడిగాం, మాట రాని మనిషి ఎక్కాడా అని. మాట్లాడని ప్యాసింజరును ఎవరు గుర్తుపెట్టుకుంటారు? పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చేటప్పుడు వదిన తన సంచి గట్టిగా పట్టుకుని ఉంది. మాత్రలు అందులోనే ఉన్నాయి. ఆ సాయంత్రం మాత్ర వేళ అయినప్పుడు ఆమె డబ్బీ తీసి, మళ్లీ లోపల పెట్టింది. నాకు చచ్చిపోవాలనిపించింది.

ఇంటికి రాగానే గ్రూపులో నేనే రాశాను. ఫోటో పెట్టాను, నీలం గళ్ల చొక్కా అన్నాను, మాటలు రావన్నాను, మాత్రలు తప్పితే ప్రాణానికే మోసమన్నాను. చేతికి దారం దొరికితే ముడి వేస్తాడు, దాన్ని బట్టి గుర్తుపట్టండి అని చివర రాశాను. కింద వదిన నంబరు ఇచ్చి, ఫోను కలవకపోతే ఈ గ్రూపులో చేరి చెప్పండి అని గ్రూపు లింకు కూడా ఇచ్చాను. తెల్లారేసరికి ఆ రాత మూడు జిల్లాలు తిరిగింది.

మంగళవారం పొద్దున గ్రూపు సంతలా ఉంది. ఎక్కడెక్కడి నంబర్లో వచ్చి చేరుతున్నాయి. అయ్యో పాపం అని ఇద్దరంటే, మూడోవాడు లోను కావాలా అంటాడు. ఒకడు పోయిన వస్తువు ఎక్కడుందో చెప్పే స్వామి నంబరు పెట్టాడు. మా అన్న వస్తువు కాదురా అని ఏడుస్తూనే వాణ్ని తీసేశాను. ఇంతలో వదినకు ఫోను వచ్చింది. మీ మనిషి రాయచూరు దవాఖానాలో ఉన్నాడు, ఇంజక్షన్లకు వెంటనే డబ్బు పంపండి అన్నారట. అవతలివాడు సగం కన్నడం, సగం తెలుగు మాట్లాడాడట, అందుకే నిజమనిపించిందట. వదిన తన దగ్గరున్నదంతా పంపింది. ఆ వెంటనే ఫోను స్విచాఫ్.

నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. భర్త కనబడక నిన్నటి నుంచి అన్నం ముట్టని మనిషని కూడా చూడలేదు.

"బుద్ధుందా వదినా? ఎవడేం చెప్తే అది నమ్ముతవా? ఇంకోసారి ఏ ఫోటో జూసినా, ఎవని మాట ఇన్నా నన్నడగకుండ కదలకు."

నేను ఆమె ఫోను లాక్కుని, తెలియని నంబర్లు మోగకుండా పెట్టి చేతికిచ్చాను. తర్వాత గ్రూపులో నా పాత నియమం మళ్లీ రాశాను. మగ్గం ఫోటో పెట్టనివాళ్లను తీసేస్తాను, అని.

ఆ మధ్యాహ్నం, అన్నలాంటి మనిషి కోడేరులో కనబడ్డాడని నాగర్‌కర్నూలు చుట్టం ఒకాయన చెప్పాడు. కబురు తెలియగానే బస్సెక్కాను. బస్సులో టికెట్ తీసుకుంటుండగా గ్రూపులో కొత్త నంబరు చేరింది. పేరు ఏంజిల్. బొమ్మ హీరోయిన్‌ది. వస్తూనే గులాబీ పువ్వు బొమ్మ ఒకటి వచ్చింది. వెంటనే ఏదో లింకు, అదే లింకు మళ్లీ. దాని కింద ఒక ఫోటో. పొలం చుట్టూ పందులు రాకుండా పాత చీరలు కడతారే, అలాంటి కంచె, దానికి వేలాడుతున్న పురికొస. ఆ తర్వాత వాయిస్ మెసేజ్. మగ్గం లేదు, పలకరింపు లేదు, లింకు రెండుసార్లు. నా లెక్కలో అన్ని గుర్తులూ సరిపోయాయి. తీసేశాను, పంపినవన్నీ చెరిపేశాను, నంబరు బ్లాక్ చేశాను. టికెట్ ఇంకా చేతిలోనే ఉంది.

కోడేరులో ఉన్నది మా అన్న కాదు. ఎక్కడివాడో, పాపం, అతని కోసం ఎవరూ వెతుకుతున్నట్టు లేదు. ఆ ఊరు, చుట్టుపక్కల తండాలు, కాలువ గట్లు రెండు రోజులు తిరిగాను. అన్న ఫోటో చూపించి చూపించి ఫోను వేడెక్కిపోయేది. ఎండలో ఎవరైనా చెట్టు కింద పడుకుని కనిపిస్తే దగ్గరికి వెళ్లాలంటే భయం, వెళ్లకపోతే అంతకన్నా భయం. ఎన్ని మాత్రలు తప్పాయో ఎవరూ అడగకుండానే లెక్కపెట్టుకునేదాన్ని. బుధవారం సాయంత్రానికి ఐదు. దేవుడా, మనిషిని ఇవ్వకపోయినా సరే, ఆ మాత్రలు ఎవరైనా అతని నోట్లో వేసేటట్టు చూడు అని దండం పెట్టుకున్నాను.

గురువారం పొద్దున పోలీసుల నుంచి ఫోను వచ్చింది. అన్న గద్వాల దవాఖానాలోనే ఉన్నాడు. వనపర్తిలో ఏదో బస్సెక్కి ఇటిక్యాల దగ్గర దిగిపోయాడట. మేం నాగర్‌కర్నూలు వైపు వెతుకుతుంటే మా జిల్లాలోనే, మా ఇంటికి బస్సు దూరంలో ఉన్నాడు. బుధవారం సాయంత్రం నుంచి ఆగకుండా ఫిట్స్ వచ్చాయి. ఒక పొలం మనిషి ఆటోలో వేసుకుని తీసుకొచ్చింది.

నేను చేరేసరికి వదిన లోపల మంచం దగ్గర ఉంది. అన్న మత్తులో ఉన్నాడు, కుడిచెయ్యి దుప్పటి మీద పడేసినట్టు ఉంది. బయట వరండాలో అతన్ని తీసుకొచ్చిన యాభై ఏళ్ల ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, చేతులకు మిరపకాయల ఎరుపు. నేను కాళ్లకు దండం పెట్టబోతే పట్టుకుని ఆపింది. సోమవారం సాయంత్రం నుంచి అన్న ఆమె మిరపచేను దగ్గరే ఉన్నాడట. అన్నం పెడితే తిన్నాడు, నీళ్లు తాగాడు, రోజంతా కంచె దగ్గర కూర్చున్నాడు. మంగళవారం పొద్దున ఎవరో ఆమెకు నేను రాసింది చదివి వినిపించారు.

"మస్తుసార్లు ఫోన్ జేసిన బిడ్డా, ఎత్తలె," అంది. "మా పిల్ల ఫోన్ల మీ గ్రూపుల జొచ్చి, మేమున్న జాగ లింకు పంపి, ఫోటో పెట్టిన. ఫోన్ జూపిస్తె ఆయిన మొకం దాసుకుంటుండు, బెదురుతుండు. గందుకే ముడి ఫోటో తీసిన. దారం దొరికితె ముడి ఏస్తడని మీరే రాసిండ్రు గద, జూస్తె ఎర్కపడ్తరనుకున్న."

నేను ఆమె పక్కన గచ్చు మీద కూర్చున్నాను.

"మల్ల గ్రూపు కనవడకుండ పోయింది. నేనే ఏదో తప్పు ఒత్తిననుకున్న. ఇయ్యాలొస్తరు, రేపొస్తరని జూసుకుంట ఉన్న."

ఆమె ఫోను తీసి ఆ ఫోటో చూపించింది. వెలిసిన చీర పీలిక, తెగిన పురికొస, మధ్యలో ముడి. పెద్దది చేశాను. రెండు చుట్లు, కొసలు కనబడటం లేదు. మా నాన్న ముడి. మూడు జిల్లాల్లో మా ఇంట్లో తప్ప ఎవరూ వేయని ముడి. బస్సులో నేను హీరోయిన్ బొమ్మ చూశాను, పేరు చూశాను, లింకు ఎన్నిసార్లు వచ్చిందో చూశాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ముడిని చూడలేదు. సాయం చేయండని ఊరినంతా పిలిచి, వచ్చినవాళ్లను మగ్గం చూపించమన్నాను. పొలం మనిషికి మగ్గం ఎక్కడి నుంచి వస్తుంది? ఆ మధ్యాహ్నానికి తప్పినవి రెండు మాత్రలే.

తప్పు ఒత్తింది నువ్వు కాదమ్మా, నేను అని ఆమెతో చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ మిరపకాయలు పంపిస్తుంటుంది, ఇప్పటికీ చెప్పలేదు.

అన్న ఇంటికి వచ్చాడు. అన్ని ఫిట్స్ వరుసగా వచ్చినందుకు కుడిచేతిలో పట్టు పోయింది. ఎంత తిరిగి వస్తుందో చెప్పలేమన్నారు. మునుపటిలాగే మగ్గం పక్కన కూర్చుంటాడు. పోగు తెగితే అలవాటు కొద్దీ అతని చేతికిస్తాను. వేళ్ల మధ్య పెట్టుకుని చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు. నేను వేరే పనేదో ఉన్నట్టు తల తిప్పుకుంటాను.

గ్రూపులో మగ్గం నియమం తీసేశాను. ఇప్పుడు ఎవరు వచ్చినా, ఏం పంపినా, ముందు విని, చూసి, అప్పుడు తీసేస్తున్నాను. ఈ ఆలస్యంలో ఒకరిద్దరు మోసగాళ్లు రోజుల తరబడి ఉండిపోయారు కూడా. నా కన్ను మొద్దుబారిందని పెద్దమ్మ ఆటపట్టిస్తుంది.

నెల దాటాక ఇక మోయలేక వదినకు చెప్పేశాను. ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతోంది. ఆ ఫోటో గ్రూపులోకి వచ్చిందని, పెట్టినామెను నేనే తీసేశానని చెప్పాను. నన్ను తిట్టు వదినా, కొట్టు అన్నాను.

ఆమె రాట్నం ఆపింది.

"నాకెర్కే. గా ఫోటో నేను గూడ జూసిన," అంది. "జూస్తనే ఆయిన ముడే అనిపిచ్చింది. నీకు ఫోన్ జేద్దమని లేసిన. గంతల నువ్వు ఆమెను తీసేసినవ్. నువ్వు తీసేసినవంటె అది గూడ మోసమే అనుకున్న. మల్ల తిడ్తవని ఊకున్న."

అంతే అని, మళ్లీ రాట్నం తిప్పసాగింది. అన్న మా ఇద్దరి మధ్య కూర్చుని తెగిన పట్టుపోగు ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. నేను అది తీసుకుని, గోటి కింద అదిమి, రెండు చుట్లు తిప్పి లాగాను. జారిపోయింది. మళ్లీ వేశాను. మళ్లీ జారిపోయింది.