లినక్సు ఎక్కించిన కొత్త అల్లుడు

ఒక్క పెన్‌డ్రైవ్‌తో ఒక సంసారాన్ని ఎంత గల్లంతు చెయ్యొచ్చో తెలుసుకోవాలనుంటే నన్నడగండి. దొంగలు పడ్డా అంత జరగదు. దొంగలైతే టీవీ ఎత్తుకుపోతారు, అంతే. నేను టీవీని గోడకే ఉంచి, మా అత్తగారి ప్రాణం మాత్రం అందులోంచి పీకేశాను.

అప్పటికి నాకు పెళ్లయిన కొత్త. మాది శృంగవరపుకోట, అత్తవారిది నరసన్నపేట. విశాఖపట్నంలో కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నేను చేసేదల్లా ఫోన్ చేసినవాళ్లకి "ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చెయ్యండి సార్" అని చెప్పడం. ఈ సంగతి అత్తవారికి తెలియదు. నేనూ చెప్పలేదు.

శ్రావణమాసంలో వాళ్లింటికి వెళ్లినప్పుడు, ఫలహారాల దగ్గర మా మావగారు, ధాన్యం వ్యాపారి, "ఓ కంప్యూటర్ కొందామనుకుంటన్నాను బావూ. ఏది మంచిదేటి?" అని అడిగారు.

ఏదో ఒక పేరు చెప్పి ఉప్మా తినేస్తే ఈ కథ లేదు. కానీ టీవీ కింద నల్లటి పెట్టె ఒకటి నా కంట పడింది. టీవీలో ఆటలాడుకోడానికి మా బావమరిది కొని, హైదరాబాదు వెళ్తూ వదిలేసిన గేమింగ్ కన్సోల్.

"కొనడమెందుకు మావయ్యా, కంప్యూటర్ మీ ఇంట్లోనే ఉంది. దీంట్లో లినక్సు ఎక్కిస్తే సరిపోద్ది."

"లినక్సంటే ఏటి బావూ?"

"కంప్యూటర్‌ని నడిపించే సరుకు. ఉచితం."

ఉచితం అనగానే వ్యాపారి మొహం వెలిగిపోయింది. "మరింకేటి, ఎక్కించీ."

మా ఆవిడ సుజాత నన్ను పక్కకి లాగి, "దాన్ని ముట్టుకోకండి. అమ్మ సీరియల్ అందులోనే సూస్తాది" అంది.

"సీరియల్ ఎక్కడికీ పోదు. నా పని నాకు తెలుసు" అన్నాను. మగవాడు ఈ మాట అన్నప్పుడల్లా, చుట్టుపక్కలవాళ్లు విలువైన సామాన్లు దాచుకోవాలి.

ఆ ఇంట్లో కేబుల్ ఎప్పుడో తీసేశారు. సీరియల్ ఆ కన్సోల్‌లోని యాప్‌లోనే వస్తుంది, అదీ రాత్రి టీవీలో రావలసింది పొద్దున్నే వచ్చేస్తుంది. రాత్రికి ఊరంతా చూడబోయే కథ మా అత్తగారికి మధ్యాహ్నానికే తెలుసు. వీధిలో ఆవిడ పరపతంతా దీని మీదే నిలబడి ఉంది. పైగా ఆ రోజు, ఏళ్ల తరబడి సాగిన ఆ సీరియల్‌కి ఆఖరి భాగం. వీధిలో ఆడవాళ్లనందరినీ మధ్యాహ్నం భోజనాలయ్యాక రమ్మని ఆవిడ పిలిచేశారు కూడా. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎప్పుడూ జేబులో ఉండే లినక్సు పెన్‌డ్రైవ్ తీసి కన్సోల్‌కి గుచ్చాను. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు చీమల బారులా పరిగెత్తాయి. లోపలి ఫ్యాను రైసుమిల్లులా రొద పెట్టింది. మావగారు చేతులు కట్టుకుని భక్తిగా నిలబడ్డారు. మధ్యలో అది నన్నో ప్రశ్న అడిగింది, లోపలున్నదంతా చెరిపెయ్యనా అని. అక్కర్లేదు నిజానికి, పెన్‌డ్రైవ్ మీదే నడిపించుకోవచ్చు. కానీ మావగారు చూస్తున్నారు కదా. చెరిపెయ్యమన్నాను.

కాసేపటికి టీవీలో కంప్యూటర్ తెర ప్రత్యక్షమైంది. మావగారు నా భుజం తట్టారు. సరిగ్గా అప్పుడే అత్తగారు గదిలోకి వచ్చారు. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు, ఏదైనా కూతురి మీదుగానే. ఇక అల్లుణ్ణి ఒక్క మాట అనడమనేది ఆ ఇంటా వంటా లేదు.

"ఒసే సుజాతా, నా సీరియల్ బొమ్మ ఏదే? మీ ఆయన్ని అడుగు."

"పోయిందని చెప్పు సుజాతా. మళ్లీ రావాలంటే పాత సరుకంతా నెట్‌లోంచి దించాలి. రేపటికి అయిపోతాది."

అత్తగారు వంటింట్లోకి వెళ్లారు. మజ్జిగ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టారు. కాస్త గట్టిగా పెట్టారు.

భోజనాలు కాగానే పొరుగింటి నూకాలమ్మ ముందు నడుస్తుండగా ఆడవాళ్లంతా వచ్చేశారు. ఫోనులో చూడండని సలహా ఇచ్చాను. "ఇంతమందిమి ఆ ఫోనులోకి దూరతామేటి" అంది నూకాలమ్మ.

చెమటలు కక్కుతూ లినక్సులోనే బ్రౌజర్ తెరిచి సీరియల్ పెట్టాను. బొమ్మ వచ్చింది. మాట రాలేదు. ఆ కన్సోల్‌లో లినక్సుకి టీవీ దాకా శబ్దం పంపే దారి తెలియదట. ఫోనులో మాట పెడదామంటే, అత్తవారు ఆ యాప్‌కి కట్టిన చందా ఒకేసారి రెండు తెరల మీద ఆడదు.

"ఏటి వదినా, పిలిసి మరీ మూగబొమ్మలు సూపిస్తన్నావు?" అంది నూకాలమ్మ.

అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగా నాకు సిగ్గేసింది. ఆవిడ కళ్లు తుడుచుకుని, కొంగు బిగించి, టీవీ పక్కనే కుర్చీ వేసుకున్నారు.

"సౌండెందుకే? ఇన్నేళ్లు సూసినాను, ఆళ్లేటనుకుంటారో నాకు తెల్దా? నాను సెప్తాను, ఇనండి."

తెర మీద కథానాయిక ఏడుస్తోంది. "'సూసి సూసి ఇలాటోణ్ణి సేసుకున్నానేటమ్మా' అంటన్నాది" అన్నారు అత్తగారు. ఇంతలో కళ్లజోడు మనిషొకడు సంచీతో లోపలికొచ్చాడు.

"ఈడెవడు?" అంది నూకాలమ్మ.

"ఆ ఇంటి కొత్తల్లుడు. ఏ పనీ రాదు. ఎవులూ అడక్కపోయినా అన్నిట్లోనూ సెయ్యెడతాడు."

"మరి అత్త ఏటీ అనదా?"

"ఏటంటాది? అల్లుడు కదా. మజ్జిగిచ్చి ఊరుకుంటాది."

ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆ సీరియల్ నేనెప్పుడూ చూడలేదు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నవ్వి ఊరుకోక, "మరీ ఇంత బుర్ర తక్కువోడా అత్తయ్యా?" అని అడిగాను.

పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ నాతో నేరుగా మాట్లాడారు. "నువ్వనుకున్నదానికంటే తక్కువే బాబూ."

సుజాత కొంగు నోట్లో కుక్కుకుంది. మావగారు ఏదో పనున్నట్టు వీధిలోకి వెళ్లిపోయారు. ఆట అయ్యాక ఆడవాళ్లు సంబరంగా ఇళ్లకి వెళ్లారు. సీరియల్ గండం గడిచిందని నేనూ సంబరపడ్డాను.

రాత్రి మేం భోజనాలు చేస్తుంటే నూకాలమ్మ మళ్లీ వచ్చింది. వాళ్లింట్లో టీవీలో అదే భాగం చూసిందట.

"నువ్వు సెప్పిందే బాగుంది వదినా. అసలుది సప్పగా ఉన్నాది. ఆ సంచీ పట్టుకొచ్చినోడు అల్లుడు కాదు, గ్యాసుపొయ్యి బాగుసేసీవోడు. ఆ ఇంట్లో అసలు అల్లుడే లేడు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది. తలెత్తి చూస్తే అత్తగారు నా కంచంలో నెయ్యి వేస్తూ, కూతురితో అంటున్నారు:

"ఆడు నయమే. బాగుసేసి ఎల్లేడు."

కాబట్టి మహాశయులారా, ఆ కంచం సాక్షిగా, ఆ నెయ్యి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో అత్తవారింట్లో కరెంటుతో నడిచే వస్తువు దేని మీదా చెయ్యి వెయ్యను. గదిలో చీకటి పడ్డా సరే, ఎవరో ఒకరు వచ్చి లైటు వేసేదాకా అలాగే కూర్చుంటాను.