జగిత్యాలలో లేచి, కోరుట్లలో పండుకున్న కంప్యూటర్

కోరుట్లల మా ఇంటి ముందర గదే నా దుకాణం. పెండ్లి కార్డులు, తొట్టెల ఫంక్షన్ల కార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసిస్త. పన్నెండేండ్లు చాకిరి చేసిన కంప్యూటర్ ఒకనాడు బందయింది. మా ఆయన "తయారున్నదే తెచ్చుకోరాదు" అన్నడు గని, నాకు ఒక్కసారన్న నా చేతులతోని బిగించుకోవాలని ఉండె. నెల దినాలు వీడియోలు చూసిన. జగిత్యాలకు పోయి సామానంత తెచ్చుకొని, ముందర గదిల చాప పరుచుకొని ఒక్కొక్కటి బిగించిన. బటన్ నొక్కంగనే లోపల పంకా తిరిగింది. నేను లేచి ఎగిరిన. మా ఆయన ఫోటో తీసిండు.

పాత కంప్యూటర్ల హార్డ్ డిస్కు ఇంక పనిచేస్తనే ఉండె. దాన్ని తీసి, వైరుతోని పెట్టుకునే చిన్న డబ్బాల వేసిన. నేను చేసిన డిజైన్లన్ని అండ్లనే ఉన్నయి. అది, ప్రింటరు, స్కానరు, స్పీకర్లు అన్ని కొత్తదానికి పెట్టిన. ఇగ చూడు, బటన్ నొక్కితె నల్ల స్క్రీను మీద తెల్ల చుక్కలు గుండ్రంగ తిరుగుడే తిరుగుడు. అది లేచేసరికి ఐదు నిమిషాలు. ఒకసారి లేచినంక మంచిగనే నడుస్తది, లేచుడే కష్టం.

ముహూర్తం టైము తప్పు పడ్డదని ఒకామె పొద్దుగాల్నే కార్డు పట్టుకొని వచ్చింది. ఇద్దరం చుక్కలు చూసుకుంట కూసున్నం. "కొత్తదంటివి గదమ్మా?" అన్నది ఆమె. నాకు తలకాయ ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలేదు.

పదిహేను దినాలు దానితోనే కొట్లాడిన. ఇంటర్నెట్ల ఏది చెప్తె అది చేసిన. విండోస్ మళ్ల మొదటి నుంచి ఎక్కించిన. మెమరీ ముక్కలు ఊడదీసి, తుడిచి, మళ్ల పెట్టిన. ఏం ఫాయిదా లేదు. ఆఖరికి వైర్లన్ని ఊడదీసి, ఒక్క కంప్యూటర్ డబ్బానే దుప్పట్ల చుట్టి, బస్సుల ఒళ్లె పెట్టుకొని జగిత్యాలకు పోయిన. కండక్టర్ చూసి, "చంటిపిల్లనా అక్కా, గంత పదిలంగ పట్టుకున్నవ్?" అన్నడు.

నాకు సామానమ్మిన దుకాణమాయన దానికి కరెంటు వైరు, తన స్క్రీను, తన కీబోర్డు, మౌసు పెట్టి బటన్ నొక్కిండు. పదిహేను సెకండ్లల్ల లేచి కూసున్నది. మళ్ల నొక్కిండు. మళ్ల పదిహేనే.

"మంచిగనే ఉన్నది గద అక్కా," అన్నడు.

"మా ఇంట్ల లేస్తలేదు," అన్న. ఆయన నా మొకం దిక్కు చూసి నవ్వు ఆపుకున్నడు.

ఇంటికి తెచ్చి అన్ని వైర్లు పెట్టి నొక్కిన. ఐదు నిమిషాలు! మా ఆయన కడుపు పట్టుకొని నవ్విండు. "దానికి జగిత్యాల గాలి పడ్డది. దుకాణం అక్కడికే మారుద్దాం తియ్యి."

ఆ ఆదివారం సిరిసిల్ల నుంచి మా బాపు వచ్చిండు. నలభై ఏండ్లు సాంచలు బాగుచేసిన మెకానిక్ ఆయన. బట్ట నేసే మరమగ్గాలను మా దిక్కు సాంచలంటరు. మా అవ్వ, అంటె అమ్మ, పంపిన సర్వపిండి టిఫిన్ నా చేతికిచ్చి, కుర్చీల కూసొని చాయ్ తాగుకుంట నన్నే చూసిండు.

"ఎవరి కోసం చూస్తున్నవ్ బిడ్డా?"

"ఇది లేస్తదని, బాపూ."

సంగతంత చెప్పిన. ఆయన కంప్యూటర్ ఎనుక దిక్కు వంగి చూసి అడిగిండు. "జగిత్యాలల దీనికి ఎన్ని వైర్లు పెట్టిండు?"

"నాలుగు."

"ఇక్కడ ఎన్నున్నయ్?"

లెక్కపెట్టిన. తొమ్మిది.

"అన్ని గుంజెయ్. ఒక్కొక్కటి పెట్టి చూడు. సాంచ మొండికేస్తె మేము గంతే చేస్తం."

నాకు కోపమొచ్చింది. పదిహేను దినాల సంది నేను చదవనిది లేదు. "బాపూ, గిది సాంచ కాదు," అని కసిరిన. ఆయన చాయ్ కప్పు దిక్కు చూసుకుంట కూసున్నడు. నాకు మనసుల కలుక్కుమన్నది. వంగి వైర్లు గుంజిన.

నాలుగు వైర్లతోని పదిహేను సెకండ్లు. బాపు చేతి గడియారం ముందట పెట్టుకున్నడు. ప్రింటరు పెట్టిన, పదిహేనే. స్పీకర్లు, పదిహేనే. స్కానరు, పదహారు. పాత డిస్కు డబ్బా పెట్టిన. చుక్కలు తిరుగుడు సురువైంది.

"దొరికింది," అన్నడు బాపు. డబ్బాను చెవి కాడ పెట్టుకొని విన్నడు. "టిక్కు టిక్కుమంటుంది బిడ్డా. గిది ఎక్కువ దినాలుండది. అండ్ల ఏమున్నది?"

పన్నెండేండ్ల పని అండ్లనే ఉన్నది, ఇంకో కాపీ లేదు. అప్పటికప్పుడు కొత్తదాంట్లకు ఎక్కించుడు మొదలుపెట్టిన. అది జర నడుస్తది, ఆగుతది, మళ్ల నడుస్తది. బాపు టేబుల్ కాడ కావలి కూసున్నడు. మా ఆయనను గూడ దగ్గరికి రానియ్యలేదు. "అల్లుడా, మెల్లగ నడువు, అది కదులుతది." సర్వపిండి అక్కడనే తిన్నం.

ఎక్కుతున్న ఫైళ్లల్ల నేను చేసిన మొట్టమొదటి పెండ్లి కార్డు కనవడ్డది. తెరిచిన. పైన పెద్ద అక్షరాలల్ల "అహ్వానం" అని ఉన్నది. నాలుగు వందల కార్డులు అచ్చయినంక గని నేను చూసుకోలేదు. ఆనాడు సిరిసిల్లల మా అవ్వగారింట్ల నేను, అవ్వ, బాపు కూసొని, ఒక్కో కార్డు మీద పెన్నుతోని దీర్ఘం పెట్టినం.

"నీ దీర్ఘాలు వంకర, మీ అవ్వయి పొట్టివి," అన్నడు బాపు. "నాయే మంచిగుండె." ఇద్దరం కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వినం.

పొద్దుగూకే యాళ్లకు అన్ని ఎక్కినయి, కొన్ని ఫ్లెక్సీలు తప్ప. వాటికోసం బాధ అనిపించలేదు. రెండు దినాలకు ఆ డిస్కు మొత్తానికే బందయింది.

బాపు తెల్లారి బస్సెక్కి పోయిండు. నాలుగు దినాలకు ఫోన్ చేసిండు. గొంతుల జర సిగ్గు, జర గర్వం.

"బిడ్డా, మన గల్లీల ఒకాయన కంప్యూటర్ నడుస్తలేదట. నన్ను వచ్చి చూడుమంటున్నడు. పోవాల్నా?"

"నీకు తెల్సని ఆయనకెవరు చెప్పిండ్రు బాపూ?"

అటు దిక్కు నుంచి అవ్వ గట్టిగ అన్నది. "ఇంకెవరు? ఈయననే! బస్సు దిగిన సంది చెప్పుకుంటనే తిరుగుతున్నడు."