బూటు కొలతకు అల్లిన ఎర్ర మేజోళ్లు

మొన్న మా కోడలు మా అబ్బాయి పుట్టినరోజుకని ఫోనులోనే మేజోళ్లు తెప్పించింది. పార్సిలు విప్పి నాకు చూపిస్తూ, ఇవి ఎవరి కాలికైనా సరిపోతాయట అత్తమ్మా అనగానే నాకు నవ్వు ఆగలేదు. పక్కన పేపరు చదువుకుంటున్న మా ఆయన కూడా నవ్వుతున్నారని ఆ పేపరు ఊగడం చూసి కనిపెట్టాను. సంగతేమిటో కోడలికి చెబుదామనుకుంటే అంతలో తనకు ఆఫీసు టైమైంది. నా ఈడు వాళ్లు, తీరిక ఉన్నవాళ్లు, మీకే చెబుతాను.

పెళ్లయి గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్‌కు కాపురానికి వచ్చిన కొత్తలో నాకున్న దిగులల్లా ఒక్కటే, మా ఆయన మాట్లాడరు. చెడ్డవారు కారు, కోపం అసలే లేదు, కానీ పప్పులో ఉప్పు మరిచిపోయినా అదే ముఖం, కోడికూర అద్భుతంగా కుదిరినా అదే ముఖం. రోజంతా భూమి లోపల బొగ్గుతో కొట్లాడి వచ్చిన మనిషికి ఇంక మాటలెక్కడ మిగులుతాయని మా అత్తమ్మ నాకు సర్దిచెప్పేది. మా నాన్నేమో బడిపంతులు, చారు కాస్త ఘుమఘుమలాడితే చాలు, అరగంట పొగిడేవారు. ఆ పొగడ్తల మధ్య పెరిగిన దాన్ని కాబట్టి, ఏదో ఒక విషయంలో ‘బాగుంది’ అని ఈయన నోటితో ఒక్కసారైనా అనిపించుకోవాలని పంతం పట్టాను.

మా క్రైస్తవుల ఇళ్లల్లో పుట్టినరోజంటే చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేయడం, చుట్టుపక్కల వాళ్లకు భోజనం పెట్టడం ఉంటుంది. ఆయన పుట్టినరోజు మే నెలలో. ఈ రామగుండం ఎండలు ఎరిగినవాళ్లెవరూ మే నెలలో ఉన్ని మాటెత్తరు, అయినా నాకు వచ్చిన విద్య అల్లిక ఒక్కటే, అదీ మిషన్ హాస్టల్లో మా వార్డెనమ్మ చలవ. పైగా గనిలోకి తొడుక్కునే రబ్బరు గంబూట్ల లోపల పాత లుంగీ గుడ్డ చుట్టుకుని డ్యూటీకి పోయి, మడమలు ఒరుసుకుని వచ్చే ఆయన కాళ్లు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. హాస్టల్‌కు పైదేశం నుంచి వచ్చిన బట్టల మూటలో నా వంతుకు దొరికిన ఎర్ర స్వెట్టరు పెట్టెలో ఉంటే దాన్ని విప్పి దారం చేశాను. సూదులు దొరక్క సైకిలు పుల్లలు తెచ్చి అరుగు రాయి మీద నూరుకున్నాను.

అల్లేది దొంగచాటుగా కదా, మరి కొలత ఎలా? నైట్ షిఫ్టు దిగి పగలంతా పడుకునేవారు కాబట్టి, మధ్యాహ్నం మెల్లగా మంచం దగ్గర చేరి పాదానికి దారం ఆనించాను. ఠక్కున కాలు లాక్కున్నారు. మర్నాడూ అంతే. మూడోనాడు లేచి కూర్చుని, మంచం కింద ఎలుక తిరుగుతోందని వాళ్లమ్మకు చెప్పారు. మా అత్తమ్మ ఎక్కడినుంచో బోను తెచ్చి, అందులో ఎండుచేప ముక్క గుచ్చి, సరిగ్గా నేను కూర్చునే చోటే పెట్టింది. ఇక లాభం లేదని, వరండాలో ఆరబెట్టిన గంబూటు తీసుకుని దాని అడుగు కొలుచుకున్నాను. బూటు ఎంతుంటే కాలూ అంతే ఉంటుందని నా తెలివి.

నాకు మఫ్లర్లలాంటివి, తిన్నగా పోయేవే వచ్చు. మడమ దగ్గర వంపు తిప్పలేక ఎన్నిసార్లు విప్పానో, చెమటకు తడిసిన ఉన్ని వేళ్లకు అంటుకుని ఎంత విసిగించిందో ఆ దేవుడికే తెలియాలి. పక్క క్వార్టర్లో ఉండే అక్క, ఆమె భర్తదీ మా ఆయన షిఫ్టే, గోడ మీదుగా తొంగిచూసి, “ఏంది చెల్లె, గోదాట్ల చేపలు పట్టెటందుకు వల అల్లుతున్నవా?” అని ఆటపట్టించేది.

పుట్టినరోజున ప్రార్థన అయ్యాక అందరి ముందూ పొట్లం చేతికిచ్చాను. ఆయన విప్పి ఒక మేజోడు తొడుక్కున్నారు. మడమ పిక్కల దాకా వెళ్లింది, వేళ్ల ముందర బెత్తెడు ఖాళీగా వేలాడింది. గనిలో నీళ్లు చొరబడితే చటుక్కున లాగేయడానికి వీలుగా ఈయన కావాలనే రెండు సైజులు పెద్ద బూటు తీసుకుంటారని నాకెవరు చెప్పారు? మా అత్తమ్మ ఆ రెండోదాన్ని పైకెత్తి చూసి, “దీంట్ల కాలేంది బిడ్డా, మనిషినే కూసోబెట్టచ్చు” అంది. అయ్యగారు నవ్వాపుకోలేక కళ్లు మూసుకుని మళ్లీ ప్రార్థనలోకి వెళ్లిపోయారు. ఈయన మాత్రం మేజోళ్లు మడిచి పక్కన పెట్టి అన్నానికి కూర్చున్నారు. నేను వంటింట్లోకి వెళ్లి, అక్కర లేకపోయినా ఉల్లిపాయలు తరుగుతూ కడుపారా ఏడ్చాను. మర్నాటికి ఆ మేజోళ్లు ఇంట్లో కనబడలేదు, ఏ చెత్తకుప్పలోనో పడేసి ఉంటారనుకున్నాను.

వారం తిరిగిందో లేదో, పక్కింటి అక్క గోడ దగ్గరికొచ్చి అరుపులు మొదలుపెట్టింది.

“ఏం పని జేసినవే చెల్లె! నిన్నటిసంది మా ఆయన నన్ను సతాయిస్తుండు. మీ ఆయన గనిల అన్నం తినేటప్పుడు బూటు ఇప్పి, కాలు లేపి అందరికి సూపెట్టిండట. ‘మా ఇంటిది అల్లింది, ఎంత మంచిగున్నయో సూడుండ్రి’ అన్నడట. ఎర్రజెండ లెక్క ఎర్రగున్నయి, ఏ యూనియన్ల చేరినవని ఎవలో అడిగితే, మా ఇంటిదాని యూనియన్ల అన్నడట! ఇగ నాకు గసొంటివే గావాలెనని మా ఆయన మొండికేసిండు. నేనేడ జావాలె?”

మేజోళ్లను గని దగ్గరే దాచుకున్నారట, ఎక్కువైన ఆ బెత్తెడు మేజోడును వేళ్ల కింద మడిచి పెట్టుకుంటే పెద్ద బూటు కదలకుండా కుదిరిందట, మడమ ఒరుసుకోవడం మానిందట. అక్క తిడుతుంటే నాకు ఒళ్లంతా పులకరించింది. సాయంత్రం ఉండబట్టలేక, ఆ మేజోళ్లు ఎట్లున్నాయని ఆయన్నే అడిగాను. “ఆఁ, ఉన్నయి” అన్నారు. ఆ వానాకాలమంతా మా వరుసలోని ఆడవాళ్లు తలా ఒక గంబూటు చంకలో పెట్టుకుని అల్లిక నేర్చుకోవడానికి మా అరుగు మీదికి వచ్చేవాళ్లు.

ఇప్పుడు ఆ గని మూతపడింది, మా వరుస క్వార్టర్లలో చాలావాటికి తాళాలే. అక్కా వాళ్లు నస్పూర్ వెళ్లిపోయారు, మేమూ సొంత ఇల్లు కట్టుకుని వచ్చేశాం. రిటైరయ్యాక మా ఆయనకు ఎక్కడలేని మాటలూ వచ్చాయి, టీ బాగుందంటారు, చారు బాగుందంటారు, కట్టుకున్న చీర బాగుందని కూడా అంటారు. నేను కోరుకున్న మాట రోజూ వింటున్నాను, సంతోషమే. కానీ ఆ రోజు అక్క కోపంతో మోసుకొచ్చిన ‘మంచిగున్నయి’లోని తీపి వీటిలో లేదు. మన వెనక మనల్ని ఎవరైనా మెచ్చుకున్నారని తెలియాలంటే, తిట్టుకుంటూనైనా వచ్చి చెప్పే మనిషి పక్కన ఉండాలి. ఈ కొత్త ఇంటికేమో ప్రహరీ మనిషెత్తు దాటి ఉండాలని పట్టుబట్టి కట్టించుకున్నది నేనే.