బావను అనకూడని మాట

మా ఇంట్లో బావను, అంటే మా ఆయన అన్నను, ఎవరూ తప్పు పట్టరు. అత్తమ్మ పట్టదు, మా ఆయన పట్టడు, చిన్నకోడలిని ఇక నేనెంత. ఫోనులో తుపాకుల ఆట ఆడేటప్పుడు కూడా అంతే. నలుగురి జట్టులో ముగ్గురం ఇంటివాళ్లమే, నాలుగో మనిషి ఆటలో దొరికిన ఎవరో ఒకరు. ఎవరు ఎటు పోవాలో ఇయర్‌ఫోన్‌లో అందరికీ వినిపించేలా చెప్పేది నేను. ముగ్గురిలో కాస్త ఆడగలిగేది నేనే మరి. ఆ మాట కూడా ఇంట్లో పైకి అనను.

అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒకటే లారీ. తాండూరులో బండలు ఎక్కించుకుని, అనంతగిరి ఘాటు రోడ్డు మీదుగా వికారాబాద్ దాటి హైదరాబాద్ పోతారు. నడిపేది బావ. మా ఆయనకూ లైసెన్సు ఉంది కానీ ఆయన చోటు పక్క సీటే. పాలిషింగ్ యూనిట్ దగ్గర హమాలీలు బండలు ఎక్కిస్తున్నంతసేపూ వాళ్లిద్దరూ నీడన కూర్చుని ఆడతారు. నేను వంట ముగించుకుని ఇంటి నుంచి కలుస్తాను.

బావ తప్పు చేస్తే చెప్పడానికి నేనొక దారి కనిపెట్టుకున్నాను. మా ఆయనను తిట్టడం. బావ ముందూ వెనకా చూడకుండా బయలులోకి ఉరికితే, ఎందుకట్ల ఉరుకుతున్నవని మా ఆయనను అంటాను. ఆయన పాపం గోడ చాటున కదలకుండా కూర్చుని ఉంటాడు. అయినా సరేనంటాడు. అప్పుడు బావ మెల్లగా వెనక్కి వస్తాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే, కాకపోతే మా ఇంటి దుత్తకు ఈ సంగతి ముందే తెలుసు. మా ఇద్దరికీ అదొక సరదా. ఆయన ఇంటికొచ్చాక తలుచుకుని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆటలో నేను ముందే చచ్చిపోయి, బావ ఆడుతుంటే ఆయన తెరను నా ఫోనులో చూస్తున్నాను. ఎడమ పక్క మెట్ల దగ్గర ఒకడు నిలబడి తుపాకీ ఎత్తాడు. నాకు స్పష్టంగా కనిపిస్తున్నాడు. బావ కుడివైపు కిటికీనే చూస్తూ ఉన్నాడు, అలాగే చచ్చిపోయాడు. ఎడమ దిక్కు చూడవెందుకని అలవాటు కొద్దీ మా ఆయన మీద అరిచాను. ఆయన సరేనన్నాడు.

ఆ తర్వాత రోజూ అదే. బావ ఎప్పుడు చచ్చినా ఎడమ నుంచి వచ్చినవాడి చేతిలోనే. ఒకసారి నాలుగో మనిషిగా కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు వచ్చాడు. వాడికి బావతో వావి లేదు, వరస లేదు. ఎడమ కన్ను పనిచేస్తున్నట్టు లేదు, డాక్టరుకు చూపించుకో అన్నా అని మొహం మీదే అనేశాడు. బావ వాణ్ణి అప్పటికప్పుడు జట్టులోంచి తీసేశాడు. ఎంత మర్యాద లేనివాడో అని అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

కానీ ఆ రోజు నుంచి నా చూపు బావ మీదే ఉంది. కంచంలో ఎడమ పక్కన వేసిన పచ్చడి అలాగే మిగిలిపోతుంది. తలుపు దాటుతుంటే ఎడమ భుజం కొట్టుకుంటుంది. ఆయనకు షుగర్ ఉంది. లారీకి ఎడమ వైపు అద్దం పగిలింది, ఏదో కొమ్మ తగిలిందన్నారు. ఆ చూపుతోనే ఘాటు మలుపులు తిప్పుతున్నాడు. ఆ లారీలో ఎడమ పక్కన కూర్చునేది నా మొగుడు.

మొన్న లోడు వేసుకుని పోతూ అన్నం కోసం ఇంటి ముందు ఆపారు. ధైర్యం చేసి, అది కూడా మా పద్ధతిలోనే, మాట కదిపాను. ఘాటు మీద తమ్ముడికి బండి ఇస్తే ఆయనకూ చెయ్యి తిరుగుతుంది కదా అన్నాను. బావ నవ్వాడు. ఆ నవ్వులో కోపమన్నది లేదు, అందుకే నాకు మరింత భయమేసింది.

"వానికి బండియ్యాల్నా? ఎడమ దిక్కు సూడడని రోజు నువ్వే అంటివి గదమ్మా. ఆటల సూడనోడు ఘాట్ల ఏం సూస్తడు?"

మా ఆయన తల వంచుకుని తువ్వాలతో చేతులు తుడుచుకుంటున్నాడు, అప్పటికే తుడిచిన చేతులే. ఆ తల చూసి నాకు ఒళ్లు మండింది.

"సూడనిది ఆయన కాదు బావా, మీరు. మీకు ఎడమ దిక్కు కానొస్తలేదు. దవాఖానల సూపించుకోండ్రి."

అత్తమ్మ నన్ను నోరు మూసుకోమంది. బావ మాత్రం ఏమీ విననట్టే నీళ్లు అడిగాడు. నేను చెంబు తెచ్చి, కావాలనే, ఆయన ఎడమ పక్కకు వెళ్లి నిలబడి చెయ్యి చాపాను. బావ వంటింటి వైపు చూస్తూ, "నీళ్లేవి?" అని మళ్లీ అడిగాడు. చెంబు ఆయన మోచేతికి జానెడు దూరంలో ఉంది.

మా ఆయన చూశాడు. అత్తమ్మ కూడా చూసింది. చూసి, నా చేతిలోంచి చెంబు తీసుకుని, చప్పుడు కాకుండా కుడి పక్కకు తిరిగి వెళ్లి కొడుకు చేతికి అందించింది.

బావ నీళ్లు తాగి తాళంచెవి అందుకున్నాడు. మా ఆయన లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి వెళ్లి, ఎడమ పక్క తలుపు తీసి ఎక్కాడు.