గట్టు మీద వదిలేసిన కైమా

మాది చేపలు తినే ఇల్లు. చింతపండు పోసి దించిన చేపల పులుసు రాత్రంతా వంటింటి గట్టు మీద ఉంటేనే మర్నాడు దానికి రుచి. మా అమ్మ అలాగే ఉంచేది, మా వదినా అంతే. ఆ మే డేకి ముందు రోజు సాయంత్రం వదిన పొట్టేలు కైమా వండి, మూత పెట్టి, అలవాటుగా గట్టు మీదే వదిలేసింది.

అన్నా వదినా బందరు వైపు నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. సముద్రంలో చేపల వేట నిషేధం రోజులు, బోట్లన్నీ ఒడ్డునే. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేస్తాడు. అక్కడ ఏది ఇచ్చినా ఇవ్వకపోయినా మే డేకి సెలవు ఖాయం. మా అమ్మాయి పుట్టింటికి వచ్చి ఉంది. ఏడో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. అది మంచం దిగుతుంటే ఇంటిల్లిపాదీ మాటలు ఆపేసి చూసేవాళ్లం.

ఫోన్‌లో చూసి అదే అడిగింది, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కైమా పెట్టి పెనం మీద కాల్చింది కావాలని.

"అదెంత పని కోడలా! నేను చేసి పెడతా" అంది వదిన.

మే డే పొద్దున నేను బజారుకు వెళ్లి దోసకాయలు, పచ్చి మామిడి, కర్బూజా, ముంజలు తెచ్చాను. వచ్చేసరికి వదిన పెనం దగ్గర ఉంది. వంటింట్లో కాలు పెట్టగానే ఏదో వాసన తగిలింది. కుళ్లు వాసన కాదు. మసాలా కింద నుంచి తియ్యగా, ముక్కుకు పడని వాసన. మూత తీస్తే నూనె అంచున సన్నగా నురగ కట్టి ఉంది. రాత్రంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. ఆ గది తెల్లారేదాకా చల్లబడనే లేదు.

"ఏదో వాసనొస్తోంది. ఫ్రిజ్‌లో పెట్టలేదా వదినా?"

"ఫ్రిజ్‌లో పెడితే కమ్మదనం పోద్ది. ఊరితేనే రుచి."

"ఊరడానికి ఇదేం చేపల పులుసా? ఇందులో చింతపండేది? పారబొయ్యి."

"మీ అన్న వన్ టౌన్ దాకా పోయి కొట్టించుకొచ్చిన మాంసమే ఇది! అక్షరాలు నేర్చుకున్న కాణ్నుంచీ నీకు అన్నిట్లో తప్పులే కనపడతన్నాయి."

"యాభై దాటాక నేర్చుకున్నాను. బ్రెడ్డు పాకెట్టు మీద తేదీ ఉంది, చదివాను, అది బాగానే ఉంది. కైమా మీద తేదీ ఉండదు. దానికి ముక్కే గతి."

మా ఆయన గుమ్మంలోంచి తొంగి చూశాడు. "అక్కయ్యగారూ, వదిలెయ్యండి. మీ మరదలి నోటికి ఎదురు చెప్పి గెలిచినోళ్లు లేరు. నన్ను చూడండి, బతికున్నానా లేదా?"

వదిన ముఖం ఒక్కసారిగా పాలిపోయింది. అవమానం అనుకున్నాను.

"నా చేతి తిండి తిని ఇంతవరకూ ఎవరికీ ఏం కాలేదు. చూడు" అంటూ పెనం మీది బ్రెడ్డు తీసి, అక్కడే నిలబడి, రెండు ముక్కలూ నమిలి మింగింది. ఆకలిగా తినలేదు. మందు మింగినట్టు తింది. మిగిలిన కైమా నేనే తీసుకుపోయి పారబోశాను.

మధ్యాహ్నం పెరుగన్నం, దోసకాయ ముక్కలు, ఉప్పూ కారం చల్లిన మామిడి తురుము, ముంజలు. పండగ భోజనం అదే అయింది. అమ్మాయి రెండు ముద్దలు తిని, ఆకలి లేదమ్మా అని వెళ్లి పడుకుంది. వదిన అన్నం ముట్టలేదు. మేమంతా వదిననే గమనిస్తున్నాం. ఫ్యాను తిరిగినా గాలి వేడిగానే కొడుతోంది. ఆమె మాత్రం అమ్మాయి గది గుమ్మం దగ్గర చాప వేసుకుని, లోపలికే చూస్తూ కూర్చుంది.

"కాసేపు నడుం వాల్చు వదినా" అన్నాను.

"దానికి చెమట పట్టిందేమో చూడవే."

"అందరికీ పడుతోంది. ఎండ కదా."

ఎండ ఇంకా తగ్గకముందే వదిన లేచి పెరట్లోకి పరుగెత్తింది. పోయి చూస్తే కుళాయి దగ్గర ఒంగి కక్కుతోంది. చేతులు చల్లబడ్డాయి. వీపు నిమిరాను. ఆమె నా చెయ్యి తోసేసింది.

"నన్నొదిలెయ్. పిల్లని లేపు."

"పిల్లనెందుకు?"

"నువ్వు బజారుకి పోయినప్పుడు దానికోటి పెట్టా. ఆశగా అడిగింది. నువ్వొచ్చి వాసనన్నాక నా గుండె జారిపోయింది. ఏం కాదులే, నేనూ తిని చూస్తే తెలుస్తది కదా అనుకున్నా."

గదిలోకి వెళ్లేసరికి అమ్మాయి కళ్లు తెరిచే ఉంది. పొట్ట మీద అరచెయ్యి ఆనించి పెట్టుకుంది.

"అమ్మా, ఇందాకటి నుంచి కదలట్లేదు."

సెలవు రోజు కదా, రోడ్డు మీద ఆటోలు లేవు. అన్న సెంటర్ దాకా పరుగెత్తి ఒకటి పట్టుకొచ్చాడు. దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో ఇద్దరినీ పక్క పక్క మంచాల మీద వేశారు. డాక్టరమ్మ అమ్మాయి పొట్ట మీద మిషను పెట్టి, అటు జరిపింది, ఇటు జరిపింది. గరగరమని తప్ప ఏమీ వినపడలేదు. మళ్లీ జరిపింది. అప్పుడు దొరికింది, గుర్రం పరుగులా టకటకమని.

"గుండె కొట్టుకుంటోంది. తల్లికి జ్వరం ఉంది కాబట్టి రేపటిదాకా ఏమీ చెప్పలేను" అందామె.

వదినకు ఆ మాటలు సరిగా అందలేదు. సెలైన్ గొట్టం లాక్కుంటూ లేవబోయింది.

"ఏమందే?"

ఆమెను తిట్టాలని నోటిదాకా వచ్చింది. నేను మాటలు దాచుకునే మనిషిని కాదు. కానీ ఆమె కూడా అదే బ్రెడ్డు తిని పడుకుని ఉంది.

"ఉంది" అన్నాను. "పడుకో."

ఆమె పడుకోలేదు. నేనూ కూర్చోలేదు. రెండు మంచాల మధ్య నిలబడి, పిల్ల చెయ్యి ఒకటి, వదిన చెయ్యి ఒకటి పట్టుకున్నాను. పిల్లది కాలిపోతోంది, వదినది చల్లగా ఉంది.