అతిథుల వరస

మధ్యాహ్నం మూడింటికి దిగాం. విక్టోరియా రాష్ట్రంలో ఉత్తరాన, ఒకప్పుడు బంగారం తవ్విన చిన్న ఊరు. వాన తెరిపివ్వడం లేదు. నది గట్టు దాటేలా ఉంది. సైనికుడంటే తుపాకీయే అనుకుంటారు మనవాళ్లు. మా రిజర్వ్ దళానికి చేతికిచ్చింది పార, గమ్‌బూట్లు, రెండు జతల గ్లవ్స్.

మర్నాడు మధ్యాహ్నానికి పంపుహౌస్ చుట్టూ గోడ లేచింది. ఒక ట్రక్కు ఇసుక మూటలు మిగిలాయి. రేడియోలో మా దళాన్ని నడిపే కార్పొరల్ ఆవిడ గొంతు వినిపించింది: "శ్మశానానికి పదండి. చైనీస్ భాగం. ఐదింటికల్లా బయటికి రావాలి."

అక్కడ సమాధులు రెండు భాగాలు, మధ్యలో కాలిబాట. ఎడమవైపు చెక్కిన రాళ్లు. కుడివైపు పొట్టి రాళ్లు, సగం నేలలో కూరుకుపోయాయి. ఎడమవైపు మే అనే పెద్దావిడ నిలబడి ఉంది. కుడివైపు ఫ్రాంక్ అనే ముసలాయన. ఇద్దరూ ఐదు తరాలుగా ఆ ఊరివాళ్లే. ఇద్దరి పూర్వీకులదీ దక్షిణ చైనాలో ఒకటే జిల్లా. అయినా ఒకరి మొహం ఒకరు చూడరు.

ఎందుకని ఫ్రాంక్‌ని అడిగాను.

"ఎప్పుడో ఒక చక్రవర్తి సముద్రతీరం ఖాళీ చేయించాడు. తర్వాత మళ్లీ నింపమన్నాడు. మావాళ్లు కొండల నుంచి దిగి వచ్చారు. మంచి నేల పాతవాళ్లది, అంటే ఆ మే వాళ్లది. రాళ్ల నేల మాది. మా పేరు హక్కా. అంటే అతిథులు. ఏడెనిమిది తరాలు దున్నినా అతిథులమే! చివరికి ఊళ్లకు ఊళ్లు తగలబెట్టుకున్నారు. ఆ పగ ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది."

మా డ్రైవర్ గుంటూరువాడు. నా చెవిలో గొణిగాడు: "ఇదేం చోద్యం మావా, చచ్చాక కూడా సెపరేట్ లైనేనా?"

మాది కరీంనగర్. "మనకు లేదా ఏంది? మనముండే క్రెయిగీబర్న్‌ల తెలుగోళ్లకు రెండు అసోసియేషన్లు ఎందుకున్నయ్ మరి?"

"అది వేరులేవయ్యా!"

కార్పొరల్ వచ్చి చూసింది. ఉన్న మూటలు ఒక వైపుకే సరిపోతాయి.

"చెరిసగం కట్టలేరా?" ఫ్రాంక్ అడిగాడు.

"సగం గోడ నీళ్లను ఆపదు సర్."

"మా ముత్తాత ఇక్కడే ఉన్నాడమ్మా" అంటూ ఒక పొట్టి రాయి చూపించాడు. కార్పొరల్ మే ఆంటీ వైపు తిరిగింది. ఆవిడ తన వైపు చెయ్యి చూపింది. చెక్కిన రాళ్లను కాపాడితే మేలని ఊరి కౌన్సిల్ కూడా చెప్పిందట. ఎడమవైపే కట్టమని ఆర్డర్ వచ్చింది.

చేతి నుంచి చేతికి మూటలు అందించుకుంటూ కట్టాం. నడుములు పడిపోయాయి. నీళ్లు కుడివైపు నుంచి కాలిబాట ఎక్కాయి. ఆఖరి మూట పెట్టాక మే ఆంటీ గోడ పట్టుకుని ఏడ్చింది.

"ఇటువైపు ఎవరూ లేరు" అంది.

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పూడ్చిన కొన్నేళ్లకు ఎముకలు తీసి, కడిగి, జాడీల్లో పెట్టి సొంతూరికి పంపడం వాళ్ల ఆచారం. ఆవిడ వాళ్ల సంఘం తమవాళ్లందరినీ పంపించేసింది. అతిథుల ఎముకలు మాత్రం మోయనంది. వాళ్లు ఇక్కడే ఉండిపోయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముందే చెప్పొచ్చు కదా ఆంటీ!"

"రాళ్ల మీద మా ఇంటిపేరు ఉంది నాయనా. వాళ్ల వైపు కట్టండని చెప్పడానికి నోరు రాలేదు."

ఎవరూ చెప్పకుండానే డ్రైవరూ నేనూ గోడ పీకడం మొదలుపెట్టాం. నాలుగు మూటలు అటు మోశామో లేదో రేడియో పలికింది: "టైమయింది. వెనక్కి రండి." నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. ఫ్రాంక్ ముత్తాత రాయి అప్పటికే కనిపించడం లేదు.

ఇంటికొచ్చిన వారానికి దీపావళి. రెండు అసోసియేషన్లదీ ఒకే శనివారం, హాళ్లు వేరు. "ఎటు పోదాం?" అని మా ఆవిడ అడిగింది. ఎటూ వద్దన్నాను. చిన్నబుచ్చుకుంది, పాపం. ఆ తర్వాతి ఏడాది యూనిఫాం వదిలేశాను.

ఆ నీళ్లు మాత్రం నన్ను వదల్లేదు. ఆ సాయంత్రం మేం ట్రక్కెక్కుతుంటే మే ఆంటీ ఒక మూటను రెండు చేతులా పొట్టకు ఆనించుకుని, కాళ్లు ఈడ్చుకుంటూ, పడుతూ లేస్తూ కాలిబాట దాటి ఫ్రాంక్ దగ్గరికి వెళ్లింది. తీసుకోమని ముందుకు చాపింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందుకోలేదు. ఆవిడ దించలేదు.